పైరవీల్లేని దొరల జమానా

పోచంపల్లి హోటళ్లలో చాయ్ తాగేవాళ్లకు ఈ మాట కొత్త కాదు: "తెల్లోళ్ల జమానాల పైరవీలు లేకుండె. పని వస్తెనే నౌకరి." చెప్పే పెద్దమనిషి తెల్లోళ్ల పాలనలో ఒక్కరోజూ బతకలేదు. మనది నిజాం ఇలాఖా. అయినా కండ్లార చూసినట్టే చెప్తాడు.

సరే, ఆ జమానాలో అందరికన్నా పెద్ద ప్రతిభావంతుణ్ణే తీసుకుందాం. వాటర్లూలో నెపోలియన్‌ను ఓడించిన వెల్లింగ్టన్ డ్యూక్. అసలు పేరు ఆర్థర్ వెల్లెస్లీ, మార్నింగ్టన్ ప్రభువు కొడుకు. ఈటన్ బడిలో చదువు అబ్బలేదు. ఫ్రాన్స్ పంపితే గుర్రపుస్వారీ నేర్చుకొచ్చాడు. ఇంక పిల్లగాణ్ణి ఏం చేయాలి? అన్న రిచర్డ్ ఒక మాట చెప్పాడు, 1787లో పదిహేడేండ్లకే సైన్యంలో కొలువు దొరికింది. మరో ఆరేండ్లకు, ఒక్క యుద్ధమూ చూడకుండానే, 33వ పటాలానికి లెఫ్టినెంట్ కల్నల్!

ఇందులో మాయ లేదు. అప్పటి ఇంగ్లీషు సైన్యంలో ఆఫీసరు హోదాలు చాలావరకు అమ్మకానికి ఉండేవి. సర్కారే ధర కట్టింది. పైసలు అన్న అప్పిచ్చాడు. మన దగ్గర బల్ల కింద నడిచే బేరం అక్కడ బల్ల మీదే నడిచింది, 1871 దాకా. పైరవీ లేదన్న మాట ఆ లెక్కన నిజమే. రేటు బోర్డు పెట్టినచోట పైరవీకారుకు పనేముంది?

అదే పద్ధతి మన మగ్గాల మీద పెట్టి చూడండి. ఆసు పోయరాదు, చిటికి కట్టరాదు, రంగులో నూలు ముంచి ఎరగడు. తండ్రి పైసలు కట్టాడని మాస్టర్ వీవర్ అయి కూర్చుంటాడు. ఆ చీరె మీద ఏనుగు బొమ్మ ఏ జంతువులా దిగుతుందో సహకార సంఘం వాళ్లు చెప్పాలి.

ఆర్థర్ 1797లో ఇండియాకు వచ్చాడు. మరుసటేడు అన్నగారే గవర్నర్ జనరల్‌గా దిగాడు. యాదృచ్ఛికం! 1799లో మైసూరు టిప్పు సుల్తాన్ మీద యుద్ధానికి మన నిజాం అలీఖాన్ సైన్యం బయల్దేరితే దాని మీద పెత్తనం తమ్ముడికి దక్కింది. అతనికన్నా సీనియర్ మేజర్ జనరల్ డేవిడ్ బైర్డ్ ఇదేమన్యాయమని మొత్తుకున్నాడు. ఏప్రిల్ 5 రాత్రి సుల్తాన్‌పేట తోపులో తమ్ముడు చీకట్లో దారి తప్పాడు. కొందరు సిపాయిలు శత్రువుకు చిక్కారు. ఇంకొకడైతే కొలువు ఊడేది. ఈయనకు తెల్లారి మరింత పెద్ద బలగమిచ్చి మళ్లీ పంపారు. అదే తోపు గెలిచాడు.

మే 4న టిప్పు రాజధాని శ్రీరంగపట్నం కోట మీదికి ముందు నడిచి దూకింది బైర్డ్. ఒకప్పుడు అదే ఊళ్లో మూడేండ్లకు పైగా సంకెళ్లలో మగ్గినవాడు. రెండు రోజులకే పట్నం తాళాలు చేతులు మారాయి. ఎవరి చేతికి వెళ్లాయో చెప్పనక్కరలేదు.

తర్వాత ఆర్థర్ యుద్ధం నేర్చుకున్నాడు, కాదనను. 1803లో మరాఠాల మీద అసాయే గెలుపు చిన్నది కాదు. సైన్యం కడుపుతో నడుస్తుందని బాగా తెలిసినవాడు, అతని ఉత్తరాల నిండా ఎడ్లు, బియ్యం గొడవే. ఆ బియ్యం ఎడ్ల మీద మోసినవాళ్లలో బంజారాలున్నారు, మన దేవరకొండ తండాల లంబాడాల వంటివాళ్లు. వాళ్లలో ఎంతమంది దారి తప్పకుండా చీకట్లో నడిచారో! వాళ్లకు పటాలం కొనిపెట్టే అన్నలు లేరు, అంతే.

తన దగ్గర ఉంచిన ఇంగ్లీషు సైన్యం ఖర్చు కింద నిజాం 1800లో బళ్లారి, కడప, అనంతపురం ప్రాంతాలు ఈస్టిండియా కుంపిణీకి రాసిచ్చాడు. తమ్ముడికి శ్రీరంగపట్నం దోపిడీ సొమ్ములో వాటా సుమారు 4,000 పౌండ్లు. హోదాల కోసం చేసిన బాకీ తీరుస్తానంటే అన్న వద్దన్నాడు. ఆయనకు తర్వాత మైసూరు గెలుపు పేరిట మార్క్విస్ బిరుదు వచ్చింది. అది ఇంగ్లండ్ బిరుదు కాదు, ఐర్లాండ్‌ది అని అలిగి కూర్చున్నాడు.