‘ప్రస్తుతానికి’ టీకా తాత్పర్యము

మూలము: క్రాల్ చేయబడినది, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయబడలేదు.

అవతారిక: వెబ్‌సైటు పెట్టి, సైట్‌మ్యాప్ సమర్పించి, ఎదురుచూచు గృహస్థునకు శోధనయంత్రము దయచేయు నివేదికలోని వాక్యమిది. ఇందు రెండు క్రియలున్నవి, కర్త లేడు. అడుగవలసినవాడు కానరాకుండుటయే ఇందలి రచనా చమత్కారము.

టీక: క్రాల్, ఇండెక్స్ సుబోధములు, విడిచితిమి. చిక్కంతయు ‘ప్రస్తుతానికి’ యందే యున్నది.

విశేషము: లేకపోవుట ఒక్క తీరున నుండదు. మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహమున అభావము నాలుగు విధములనెను. పుట్టకముందు కుండ లేకపోవుట ప్రాగభావము. దానికి మొదలు లేదు, తుది యున్నది. పగిలిన పిమ్మట లేకపోవుట ప్రధ్వంసాభావము. మొదలున్నది, తుది లేదు. ఎన్నడును లేకపోవుట అత్యంతాభావము. కుండ వస్త్రము కాకుండుట అన్యోన్యాభావము. దానితో మనకు పని లేదు.

‘ప్రస్తుతానికి’ అనుటచే యంత్రము ప్రాగభావమును ధ్వనింపజేయుచున్నది. నోఇండెక్స్ గుర్తు తగిలించగా సూచికనుండి జారిన పేజీది ప్రధ్వంసాభావమందుమా? ఆ గుర్తు తీసినచో మరల చేరవచ్చును గదా! చేరినది వేరొక పేజీయే యని నైయాయికుడు తప్పించుకొనును. రోబోట్స్ ఫైలు మరింత విచిత్రము. 1994లో మార్టైన్ కోస్టర్ ప్రతిపాదించిన ఈ కట్టుబాటు 2022లో గాని ఆర్ఎఫ్‌సీ 9309గా ప్రమాణమునకెక్కలేదు. అది రాకను నిషేధించును, సూచికకెక్కుటను నిషేధింపదు. బయటి లింకులవలన చిరునామా తెలిసినచో, యంత్రము గడప తొక్కకయే దానిని ఎక్కించుకొనవచ్చును. పేజీలో నోఇండెక్స్ అని వ్రాసి, రోబోట్స్ ఫైలుతో దారి మూసినవాని సంగతి మీమాంసకులకు వదలుచున్నాము: వద్దన్న మాట చదువుటకైనను లోనికి రావలయును గదా!

శంక: వచ్చి చూచిన యంత్రము చేర్చుకొనకుండునా?

సమాధానము: కాశికి పోయినంతనే ప్రతివాడును అన్నంభట్టు కాడని లోకోక్తి. ఇచట కాశియే ఇంటికి వచ్చిపోయినది. అయినను ఫలము సున్న.

పాఠాంతరము: ‘కనుగొనబడినది, ప్రస్తుతానికి ఇండెక్స్ చేయబడలేదు’ అనియు గలదు. చిరునామా తెలియును, ఇంకను బయలుదేరలేదని భావము.

ఉదాహరణము: మా ఊరి చెరువుల పేర్లు, తూముల పేర్లు పెద్దవాళ్ళను అడిగి నేను రాసిపెట్టిన పేజీ ఇంకా ఈ ‘ప్రస్తుతానికి’లోనే ఉంది. దాన్ని నా బ్రాకెట్లతో సహా ఎత్తుకుపోయి, చుట్టూ ప్రకటనలు అతికించుకున్న సైటు మాత్రం వెతికితే ముందు తగులుతోంది. ఇదేమిటయ్యా అని సహాయ పుటలు తిరగేస్తే, సొంతంగా, నాణ్యంగా రాయండి అని హితబోధ! అవే వాక్యాలు దొంగ చేతిలో పడేసరికి నాణ్యం ఎక్కడి నుంచి వచ్చింది? ఆ తూములు చూపించిన ముసలాయనకు ఏం చెప్పమంటారు, నీ మాటలు వేరేవాడి పేరు మీద దొరుకుతాయనా?

క్షమించవలెను; టీకాకారుడు ఆగ్రహింపరాదు.

నెలలో మొదటి పుటకెక్కింతుమని అడ్వాన్సు పుచ్చుకొను ఎస్ఈఓ పండితుల వ్యాఖ్యలు మూలమున లేని యర్థమును కల్పించుచున్నవి గాన పరిహరింపబడినవి.

తాత్పర్యము: చూశాం. చేర్చుకోం. ఎందుకో నువ్వే వెతుక్కో.