సగం కథకు నిండు టికెట్టు
(సెన్సారు బోర్డుకు బహిరంగ లేఖ)

కేంద్ర చలనచిత్ర ధ్రువీకరణ మండలి అధ్యక్షుల వారి సముఖమునకు,

తెలుగు రాష్ట్రాల్లో టికెట్టు కొని సినిమా చూసే సామాన్య ప్రేక్షకుడి పక్షాన సమర్పించుకొను విజ్ఞప్తి.

విషయం: విడుదలయ్యే ప్రతి చిత్రానికీ ఇచ్చే ధ్రువపత్రంలో ‘కథ ముగిసినదా?’ అనే గడిని చేర్చుట గురించి.

మహాశయా,

1952 నాటి సినిమాటోగ్రాఫ్ చట్టం ప్రకారం పనిచేస్తూ, 1983లో తన పేరులోంచి సెన్సారు మాటను తీసేసినా జనం నోట నేటికీ సెన్సారు బోర్డుగానే చలామణి అవుతున్న మండలి ప్రేక్షకుడి క్షేమం పట్ల చూపే శ్రద్ధ కొనియాడదగినది. అందరూ చూడదగిన చిత్రానికి ‘యూ’, పెద్దలకే పరిమితమైన చిత్రానికి ‘ఏ’, పిల్లలకు చూపాలా వద్దా అన్నది తల్లిదండ్రులు తేల్చుకోవలసిన చిత్రానికి ‘యూఏ’ అనే గుర్తులు ఉండగా, అవి చాలవన్నట్టు 2023 నాటి చట్ట సవరణ ‘యూఏ’ను 7, 13, 16 ఏళ్ల మెట్లుగా విడగొట్టింది. ఆరోగ్య శాఖ నిబంధన పుణ్యమా అని పాత్రధారి సిగరెట్టు వెలిగించిన మరుక్షణమే తెర అడుగున హెచ్చరిక ప్రత్యక్షమవుతుంది. ఇంత కాపలా ఉన్నప్పటికీ, మూడు గంటలు కూర్చున్న తరువాత కథ ముగుస్తుందా, లేక మరో రెండు మూడేళ్లు ఆగవలసి వస్తుందా అన్న సంగతి మాత్రం ఏ ధ్రువపత్రమూ చెప్పదు. పొగ గురించి పొందుతున్న హెచ్చరికను కథ గురించి కూడా పొందే హక్కు ప్రేక్షకుడికి ఉన్నదని ఈ విజ్ఞప్తి సారాంశం.

ఈ వాయిదా పద్ధతికి మూలపురుషుడు ‘బాహుబలి’. 2015 జులైలో విడుదలైన మొదటి భాగం, కట్టప్ప తన ప్రభువును ఎందుకు పొడిచాడన్న ప్రశ్నను వదిలి ముగియగా, జవాబు కోసం దేశమంతా 2017 ఏప్రిల్ దాకా, అంటే 21 నెలలకు పైగా, ఎదురుచూసింది. అయితే ఆ ప్రశ్న వినబడే నాటికి ప్రేక్షకుడు ఒక రాజ్యాన్నీ, ఒక తల్లినీ, ఒక యుద్ధాన్నీ ఆసాంతం చూసి ఉన్నాడు కనుక ఎవరూ మోసపోయామని అనుకోలేదు. తరువాత వచ్చినవారు ఆ విందులో ఆకలి ఒక్కదాన్నే అరువు తెచ్చుకున్నారు. ‘సలార్’ (2023), ‘కల్కి 2898 ఏడీ’ (2024), ‘దేవర’ (2024) మూడూ అసలు సంగతిని చివరి నిమిషాల్లో బయటపెట్టి, దాని ఫలితాన్ని తరువాతి భాగానికి వాయిదా వేశాయి. ‘పుష్ప’ రెండో భాగం (2024) సైతం మూడో భాగానికి ‘లీడ్’ ఇచ్చి, అనగా రాబోయే చిత్రానికి తీగ వదిలి, సెలవు తీసుకున్నది. ఈ చిత్రాల్లో నటన, ఛాయాగ్రహణం, కళాదర్శకత్వం తక్కువ స్థాయివని అనడం అన్యాయం. వాటి కొరత మరొకచోట ఉన్నది: నాయకుడి గొప్పను నేపథ్య సంగీతంతోనూ, నెమ్మదిగా కదిలే దృశ్యాలతోనూ పెంచి చూపే ‘ఎలివేషన్’కు నిమిషాలు ధారాళంగా దొరుకుతుండగా, కథ ముగింపుకు మాత్రం నిడివి చాలడం లేదు.

నిడివి చాలదన్న వాదం తెలుగు సినిమా చరిత్ర ముందు నిలవదు. తొలి పూర్తి వర్ణచిత్రమైన ‘లవకుశ’ (1963) ఉత్తర రామాయణాన్ని మూడున్నర గంటల లోపే చెప్పి ముగించింది. ఎన్.టి. రామారావు దర్శకత్వం వహించి, కర్ణ, కృష్ణ, సుయోధన పాత్రలు మూడూ తానే ధరించిన ‘దానవీరశూరకర్ణ’ (1977) నాలుగు గంటలకు చేరువైనా కురుక్షేత్రాన్ని రెండో భాగానికి దాచుకోలేదు. అన్నిటికన్నా బలమైన సాక్ష్యం బాహుబలి నిర్మాతలే సమర్పించారు: 2025 అక్టోబరులో రెండు భాగాలనూ కలిపి ‘బాహుబలి: ది ఎపిక్’ పేరిట నాలుగు గంటల లోపు ఒకే చిత్రంగా విడుదల చేయడంతో, ఆ కథ కూడా ఒక్క టికెట్టులో ఇమిడేదేనని తేలిపోయింది.

పొదుపు నేర్చుకోదలచిన దర్శకుడికి కె.వి. రెడ్డి ‘మాయాబజార్’ (1957) చాలు. పాండవుల ఇంటి పెళ్లిని గురించిన ఆ చిత్రంలో పాండవులే తెర మీద కనబడరు. వారు లేని లోటు మూడు గంటలలో ఒక్కసారీ తెలియదు. ఘటోత్కచుడు శశిరేఖ రూపం ధరించిన తరువాత, శశిరేఖగా నటించిన సావిత్రి తన సొంత పాత్రను పక్కనబెట్టి ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి. రంగారావు నడకనూ మీసం దువ్వే ధీమానూ అభినయించడం ఏ ఎలివేషన్‌కూ తీసిపోదు; పైగా దానివల్ల కథ ముందుకు కదులుతుంది. ‘గుండమ్మ కథ’ (1962)లో రామారావు, నాగేశ్వరరావు ఇద్దరూ ఉన్నా పేరు మాత్రం సూర్యకాంతం పాత్రకు దక్కింది. కథకు ఎవరు కేంద్రమో వారికే పట్టం కట్టే ధైర్యం ఆనాటి నిర్మాతలకు ఉండేది.

ఇంతమాత్రాన పాతదంతా బంగారమని ప్రేక్షకుడు వాదించడం లేదు. ఆ దశాబ్దాల్లో వచ్చిన నాసిరకం చిత్రాలను కాలమే జల్లించి పారబోసింది కనుక, మిగిలిన మేలిమిని ఈ వారం విడుదలతో పోల్చడం సరైన తూకం కాదు. స్థానికులే అత్యధిక పాత్రలు ధరించిన ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018), తాత పిండాన్ని కాకి ముట్టకపోవడం అనే చిన్న సంగతి మీద ఒక కుటుంబపు పంతాలన్నిటినీ నిలబెట్టిన ‘బలగం’ (2023) కొత్తవే అయినా, ప్రేక్షకుడిని నిండు మనసుతో ఇంటికి పంపాయి. కనుక తేడాను విడుదలైన సంవత్సరంలో కాక, చెప్పదలచుకున్నది చెప్పి ముగించడంలో వెతకాలి.

మరొక చిక్కు కూడా మనవి చేయవలసి ఉన్నది. 2010లో రంగులద్దుకుని వచ్చిన మాయాబజార్‌లో కొన్ని పాటలు తగ్గాయి. 2025 జనవరిలో పుష్ప రెండో భాగానికి సుమారు 20 నిమిషాలు కొత్తగా కలిశాయి. మొదటి రోజే పెంచిన ధరకు చూసిన అభిమాని అసలు చిత్రాన్ని చూశాడో, దాని చిత్తుప్రతిని చూశాడో తేల్చే గుర్తు ఏదీ మండలి వద్ద లేదు.

కావున మండలి ఈ కింది ఏర్పాట్లను దయతో పరిశీలించగలదు. ఒకటి, వయసు గుర్తు పక్కనే కథ గుర్తు కూడా వేయాలి: ముగిసిన కథకు ‘పూ’, సగంలో ఆగిన కథకు ‘స’, ముగిసినట్టే కనబడి చివరి నిమిషంలో లీడ్ ఇచ్చే కథకు ‘వా’, అనగా వాయిదా. రెండు, విడుదల తరువాత కత్తిరించినా కలిపినా ఆ వివరాన్ని పోస్టరు మీద నాయకుడి పేరుతో సమానమైన అక్షరాల్లో ముద్రించాలి. మూడు, నాయకుడు నడుస్తూనే ఉండి ఎక్కడికీ చేరని దృశ్యాలు నిర్ణీత నిడివి దాటితే, పొగాకు హెచ్చరిక తరహాలోనే ‘కథ ఆగి ఉన్నది’ అనే వాక్యం తెర అడుగున కనబడాలి.

టికెట్టు ధర మండలి పరిధిలోనిది కాదని, తొలి రోజుల్లో దాన్ని పెంచుకునే వెసులుబాటు రాష్ట్ర ప్రభుత్వాలు జీవోల ద్వారా, అంటే ప్రభుత్వ ఉత్తర్వుల ద్వారా, ఇస్తాయని ప్రేక్షకుడికి తెలియును. అయినప్పటికీ ‘స’ గుర్తు పడిన చిత్రానికి ధర సైతం సగమే ఉండేట్టు సిఫారసు చేయవలసిందిగా ప్రార్థన.

ఇట్లు,
టికెట్టు కొన్న ప్రేక్షకుడు

ప్రతులు: ఉభయ రాష్ట్రాల హోం శాఖలకు, తగు చర్య నిమిత్తం.
జతపరచినది: టికెట్టు, సగం ముక్క. మిగతా సగం గేటు దగ్గరే చింపి ఉంచుకున్నారు.