జీతం నేరుగా మాట్లాడబడును

హైదరాబాద్‌లో బాలానగర్ నుంచి జీడిమెట్ల దాకా ఏ షెడ్డు గేటు చూసినా ఒక ఫ్లెక్సీ ముక్క వేలాడుతూ కనిపిస్తుంది. టర్నర్లు, ఫిట్టర్లు, సీఎన్‌సీ ఆపరేటర్లు, హెల్పర్లు కావలెను. అనుభవం ఉన్నవారికి ప్రాధాన్యత, లేనివారికి శిక్షణ. ఈఎస్‌ఐ, పీఎఫ్ సౌకర్యం కలదు. కింద రెండు ఫోన్ నంబర్లు. ఎర్రటి అక్షరాలు ఎండకు వెలిసి గులాబీ రంగుకు దిగాయంటే ఆ ప్రకటన ఎన్ని వేసవులు చూసిందో ఊహించుకోవచ్చు. అందులో అన్నీ ఉంటాయి, ఒక్క అంకె తప్ప. జీతం నేరుగా మాట్లాడబడును. కట్నం సంగతి తర్వాత పెద్దలు చూసుకుంటారులే అనే పాతకాలపు పెళ్లిచూపుల మర్యాద ఇంకా ఎక్కడైనా బతికుందంటే అది మన పారిశ్రామికవాడల్లోనే. యజమాని ఆ ఫ్లెక్సీ కట్టి, మూడు నెలలు ఎదురుచూసి, పరిశ్రమల సంఘం సమావేశానికి వెళ్లి నిట్టూరుస్తాడు. చెయ్యి తిరిగినవాళ్లు దొరకడం లేదండీ అంటాడు. మర్నాడు పేపర్లో ‘నైపుణ్యాల కొరత’ అని శీర్షిక. ఆ మరుసటి వారం ప్రభుత్వం రంగంలోకి దిగుతుంది. స్థానిక యజమానులకు పనివాళ్లను రప్పించడంలో, తీర్చిదిద్దడంలో నగరం ఎలా సాయపడాలన్న ప్రశ్నకు మన దగ్గర జవాబు సాధారణంగా షామియానాతో మొదలవుతుంది.

జాబ్ మేళా చూడముచ్చటైన కార్యక్రమం. ప్లాస్టిక్ ఫోల్డర్లో సర్టిఫికెట్ల జిరాక్సులు పెట్టుకుని పొద్దున్నే వచ్చిన పిల్లలు, ముఖ్య అతిథి వచ్చి జ్యోతి వెలిగించేదాకా కుర్చీల్లోనే ఉండాలి. ఆ తర్వాత స్టాళ్లు. టర్నరు కావాలని గేటుకు ఫ్లెక్సీ కట్టినాయన అక్కడ స్టాలు పెట్టడు, ఆయనకు ఆ పూట మెషిన్ దగ్గర నిలబడే మనిషే లేడు. ఉన్నవాటిలో ఎక్కువ డెలివరీ, టెలీకాలింగ్, బీమా పాలసీలు అమ్మిపెట్టే కొలువులు. సాయంత్రానికి ఎన్ని ఆఫర్ లెటర్లు చేతిలో పెట్టారో ప్రెస్ నోట్ వస్తుంది. మూడు నెలల తర్వాత వాళ్లలో ఎందరు మిగిలారన్న ప్రెస్ నోట్ మాత్రం కంటబడదు. ఇదేమీ ఈ తరం కనిపెట్టిన విద్య కాదు. పాతికమంది, అంతకు మించి పనిచేసే ప్రైవేటు సంస్థలు తమ ఖాళీలను ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజీకి తప్పనిసరిగా తెలపాలని 1959లోనే చట్టం చేశారు. ఎక్స్ఛేంజీ పంపినవాళ్లను తీసుకోవలసిన పని మాత్రం లేదని అదే చట్టంలో రాసి పెట్టారు. కబురు చెప్పడం తప్పనిసరి, ఆ తర్వాత ఎవరి దారి వారిది.

ఆఫర్ లెటరుకూ హాజరు పట్టీకీ మధ్య మనుషులు ఎక్కడ మాయమవుతున్నారో చూపించే లెక్క ఒకటి, అదృష్టవశాత్తూ, కేంద్రమే బయటపెట్టింది. అయిదేళ్లలో కోటిమంది యువతకు 500 పెద్ద కంపెనీల్లో ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని, నెలకు 5,000 రూపాయలు అందుతాయని 2024 బడ్జెట్లో ప్రకటించారు. తొలి విడతలో 82 వేలకు పైగా ఆఫర్లు వెళ్లాయి. సరేనన్నవి 28 వేలు. తీరా చేరినవాళ్లు తొమ్మిది వేలు దాటలేదు. ఎందుకయ్యా అంటే చూపిన కారణాల్లో ముఖ్యమైనవి దూరం, ఏడాది పొడవునా సాగే వ్యవధి, ఇచ్చిన పని నచ్చకపోవడం. ఈ మూడింటిలో నైపుణ్యం లేకపోవడం అన్నది లేదు. నేర్చుకోవడానికే రమ్మన్నప్పుడు అదెందుకు ఉంటుంది? అప్రెంటిస్‌ల సంగతీ ఇంతే. 30 మంది, ఆపైన పనిచేసే సంస్థ తన బలగంలో 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను పెట్టుకు తీరాలన్నది నిబంధన. 2019లో చదువును బట్టి వాళ్లకు కనీస స్టైపెండ్ అయిదు వేల నుంచి తొమ్మిది వేల దాకా కట్టారు. ఆదిలాబాద్ నుంచో వనపర్తి నుంచో వచ్చిన ఐటీఐ పిల్లవాడికి హైదరాబాద్‌లో ముగ్గురు నలుగురు పంచుకునే గదిలో ఒక మంచం, రెండు పూటల మెస్సు భోజనం కలిపి ఆరేడు వేలకు తక్కువ దొరకడం కష్టం. మిగిలిన దాంతో షేర్ ఆటో ఎక్కాలి, ఫోన్ రీచార్జి చేయించాలి, జ్వరం వస్తే మందులు కొనాలి. ఇంటి దగ్గర నుంచి డబ్బు తెప్పించుకోగలిగితేనే శిక్షణ సాగుతుంది. పేదవాడి పథకంలో చేరడానికి కాస్త ఉన్నవాడై ఉండాలన్న నిబంధన ఏ జీవోలోనూ లేదు. దాన్ని మన అద్దెలు అమలు చేస్తున్నాయి.

ఇక్కడ ఒక అభ్యంతరం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. మనవాళ్లకు ఒళ్లు వంగదండీ, ఏసీ గదిలో కుర్చీ కావాలి, అందుకే బిహార్ నుంచి, ఒడిశా నుంచి తెచ్చుకోవలసి వస్తోంది అంటారు. ఈ మాట వినడానికి బాగుంటుంది, ముఖ్యంగా ఏసీ గదిలో కూర్చుని విన్నప్పుడు. అయితే ఇదే తెలంగాణ రాష్ట్ర ప్రభుత్వానికి టామ్‌కామ్ అని ఒక సంస్థ ఉంది. విదేశాలకు పనివాళ్లను పంపడం దాని ఉద్యోగం. 2024లో అది ఇజ్రాయెల్‌కు సెంట్రింగ్ వడ్రంగులు, ఇనుము వంచేవాళ్లు, టైల్స్ వేసేవాళ్లు, ప్లాస్టరింగ్ చేసేవాళ్లు కావాలంటే, యుద్ధం నడుస్తున్న దేశమని తెలిసి కూడా మనవాళ్లు పరీక్షలకు వచ్చి ఎంపికయ్యారు. ఆ ప్రకటనలో నెల జీతం లక్షకు పైనే అని అంకెలతో సహా ఉంది. కరీంనగర్, జగిత్యాల, నిజామాబాద్ పల్లెల నుంచి గల్ఫ్‌కు పోయినవాళ్లు నలభై అయిదు డిగ్రీల ఎండలో పరంజాలెక్కి పనిచేసినవాళ్లే. అక్కడ వంగిన ఒళ్లు జీడిమెట్లకు వచ్చేసరికి బిగుసుకుపోతోందంటే వైద్యశాస్త్రం పరిశోధించవలసిన విషయం. లేదా పొట్టకూటికి వెళ్లేవాడు జీతమెంత, ఉండేదెక్కడ, తిండి ఎవరిది అని మూడు ప్రశ్నలు అడుగుతాడనీ, జవాబు చెప్పినవాడి దగ్గరికి వెళతాడనీ ఒప్పుకోవాలి. బిహార్ నుంచి వచ్చినవాణ్ని షెడ్డు వెనక రేకుల గదిలో పదిమందితో కలిపి పడుకోబెట్టగలం గనుక అతను కష్టజీవి అయ్యాడు. అలా పడుకోనన్నవాడు సోమరి అయ్యాడు.

శిక్షణ విషయంలో ప్రభుత్వాలను తప్పుపట్టలేం, కట్టడాలంటే వాటికున్న మక్కువ అలాంటిది. తెలంగాణలో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి 2,324 కోట్ల రూపాయలతో అధునాతన కేంద్రాలుగా మార్చే పని 2024 జూన్‌లో మల్లేపల్లిలో శంకుస్థాపనతో మొదలైంది. ఎప్పుడో తాతల నాటి లేత్ మీద నేర్చుకుని కంప్యూటర్ మెషిన్ ముందు బిక్కమొహం వేసే పిల్లలకు అది అవసరమే. అదే ఏడాది ఆగస్టు 1న యంగ్ ఇండియా స్కిల్స్ యూనివర్సిటీకి మీర్‌ఖాన్‌పేటలో పునాదిరాయి వేశారు. పరిశ్రమలనే బోర్డులో కూర్చోబెట్టి చదువు చెప్పించాలన్న ఆలోచనా మంచిదే. కాకపోతే మీర్‌ఖాన్‌పేట నగరానికి దక్షిణాన, శ్రీశైలం దారిలో ఉంది. జీడిమెట్ల, పటాన్‌చెరు, పాశమైలారం వాయవ్యాన ఉన్నాయి. నేర్చుకునేది ఒక కొసన, చేసేది ఇంకో కొసన. మధ్యలో ఉన్న నగరాన్ని దాటడమే అసలు నైపుణ్యం, దానికి సర్టిఫికెట్ లేదు. ఈ పని సరిగ్గా చేయడం మనకు రాదని కూడా అనలేం. బాలానగర్‌లో షెడ్ల నడుమే 1968లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం, అంతర్జాతీయ కార్మిక సంస్థల సాయంతో సీఐటీడీ అనే శిక్షణ సంస్థ పెట్టారు. టూల్ డిజైన్ నేర్పడం, చుట్టుపక్కల చిన్న పరిశ్రమలకు పనికిరావడం రెండూ ఒకే ఆవరణలో జరిగేలా చూశారు. నేర్పించి చేతికి తెస్తే పక్క షెడ్డువాడు రెండు వేలు ఎక్కువిచ్చి ఎగరేసుకుపోతాడు, మాకెందుకీ బెడద అని యజమానులు అంటారే, ఆ బాధ నిజం. ఒక్కొక్క షెడ్డూ విడిగా మోయలేని ఖర్చు గనుకే పదిమందికీ పనికొచ్చే శిక్షణ కేంద్రం పారిశ్రామికవాడ నడుమ ఉండాలి, దాన్ని ఉమ్మడి డబ్బుతో నడపాలి. ఎగరేసుకుపోయినా ఆ పిల్లవాడు ఉండేది అదే వాడలో కదా.

శిక్షణతోనే సరిపోదని ఆ తరానికి తెలుసు. బీహెచ్‌ఈఎల్, ఐడీపీఎల్ వచ్చినప్పుడు ఫ్యాక్టరీతో పాటు క్వార్టర్లు వచ్చాయి, బడి వచ్చింది, ఆస్పత్రి వచ్చింది. ఆ పెద్ద ఫ్యాక్టరీల్లో చెయ్యి తిరిగినవాళ్లు చాలామంది బయటికొచ్చి సొంతంగా లేత్‌లు పెట్టుకున్నారు. ఈ ‘నైపుణ్యాల కొరత’ షెడ్లలో కొన్నింటి పుట్టుక అదే. ఆ రోజులు వేరండీ, ప్రభుత్వరంగం అలా ఖర్చుపెట్టే మునిగింది అంటారు. ఐడీపీఎల్ మునిగింది నిజమే. క్వార్టర్లు కట్టిన బీహెచ్‌ఈఎల్ ఇంకా నడుస్తోంది. పోనీ ఇవాళ్టి ఉదాహరణే కావాలంటే తమిళనాడులోని శ్రీపెరుంబుదూరు చూడాలి. 2021 డిసెంబరులో అక్కడి ఫ్యాక్టరీ కార్మికుల హాస్టల్ తిండి తిని నూట యాభై మందికి పైగా అమ్మాయిలు ఆస్పత్రి పాలయ్యారు. తోటివాళ్లు చెన్నై-బెంగళూరు హైవే మీద బైఠాయించారు. ఐఫోన్లు తయారయ్యే ఆ ఫ్యాక్టరీ వారాల తరబడి మూతపడింది. ప్రపంచంలోకెల్లా ఖరీదైన కంపెనీల్లో ఒకదాని సరఫరా వంటగది దగ్గర ఆగింది. తమిళనాడు ఏం నేర్చుకుందో గాని, 2024 ఆగస్టులో సిప్కాట్ వల్లం వడగాల్ పారిశ్రామికవాడలో 706.50 కోట్లతో 18,720 మంది మహిళా కార్మికులకు వసతి కట్టించి ప్రారంభించింది. ప్రభుత్వం హాస్టళ్లు నడిపే వ్యాపారంలో ఎందుకుండాలన్నది పెద్ద ప్రశ్నే. ఎకరాలకెకరాలు రాయితీ ధరకు ఇచ్చేటప్పుడు, కరెంటు బిల్లులో, పన్నుల్లో తగ్గింపులిచ్చేటప్పుడు ఈ ప్రశ్న మనకు ఎందుకో గుర్తుకు రాదు. మంచం దగ్గరికి వచ్చేసరికి ఆర్థికశాస్త్రం గుర్తుకొస్తుంది.

జీతం పెంచితే చిన్న షెడ్డు మూసుకోవలసిందే అన్నది మాత్రం తీసిపారేయదగ్గ మాట కాదు. కాకపోతే జాబ్ వర్కు చేసే చిన్న యజమాని నడుం విరిగేది జీతాల దగ్గర కాదు, రావలసిన బిల్లుల దగ్గర. సరుకు తీసుకున్న 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని 2006 నాటి చట్టం చెబుతుంది. నలభై అయిదు రోజులకు బిల్లు వచ్చిందని పండగ చేసుకున్న యజమాని ఎవరైనా ఉంటే సన్మానించాలి. ఆయనకు సాయపడాలనుకునే నగరం ముందు ఆ పెద్ద కంపెనీల, ప్రభుత్వ శాఖల చేత బిల్లులు కట్టించాలి. దానికి బదులు ఏం చేశామయ్యా అంటే, 2021 జూన్‌లో కనీస వేతనాలు సవరిస్తూ అయిదు జీవోలు ఇచ్చి, గెజిట్‌లో అచ్చు వేయకుండా ఏళ్ల తరబడి అట్టిపెట్టాం. అచ్చు కాని జీవోకు అమలు లేదు. చిన్న పరిశ్రమను కాపాడటానికి ఇంతకన్నా చవకైన పథకం ఎవరికి తోస్తుంది? ఇక 2025లో ఆంధ్రప్రదేశ్ కర్మాగారాల్లో రోజు పనిని పది గంటల దాకా పెంచుకోవచ్చంది, తెలంగాణ వాణిజ్య సంస్థలకు పది గంటల వెసులుబాటు ఇచ్చింది. మనుషులు దొరకడం లేదని మొరపెట్టుకుంటే ఉన్న మనిషినే సాగదీశారు.

ఇంతకీ వీటిలో నగరం చేయవలసింది ఏది అంటే ఎవరూ చెప్పలేరు, అంత చక్కగా పంచుకున్నారు. పారిశ్రామికవాడలో రోడ్డు, దీపం ఆ వాడ స్థానిక సంస్థ ఐలాది. గేటు దాటితే కార్పొరేషన్ది. బస్సు ఆర్టీసీది. వేతనం కార్మిక శాఖది. ఐటీఐ ఇంకో శాఖది. ఆర్థిక, సామాజిక అభివృద్ధికి ప్రణాళిక వేయడం పురపాలికల పనుల్లో ఒకటని రాజ్యాంగం పన్నెండో షెడ్యూలులో ఉంది, కానీ మన కార్పొరేషన్‌కు షాపు అంటే చదరపు అడుగులు, మనిషి అంటే ఆస్తి పన్ను. మెట్రో తొలి దశ 69 కిలోమీటర్లలో రాయదుర్గం ఉంది, జీడిమెట్ల లేదు, పటాన్‌చెరు లేదు, చర్లపల్లి లేదు. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్లకు బస్సు ఉచితం. యజమానులకు ఇటీవల జరిగిన అతిపెద్ద మేలు అదే, వాళ్లు గమనించారో లేదో. నెలకు పన్నెండు పదిహేను వందలు ఆటోకు పోయే మనిషికి ఆ మేరకు జీతం పెరిగినట్టే, అదీ యజమాని జేబులోంచి రూపాయి కదలకుండా. అయితే ఆ బస్సు షిఫ్టు అయ్యే వేళకు లేకపోతే ఉచితమైనా ఒకటే, టికెట్టు ఉన్నా ఒకటే. రాత్రి షిఫ్టు విడిచాక వాడ గేటు దగ్గరకు బస్సు రావడం, అక్కడిదాకా నడిచే ఆ అర కిలోమీటరు దారిలో దీపాలు వెలగడం, పసిపిల్లను వదిలి రావడానికి వాడలో ఒక క్రెష్, ఈ మూడూ ఉంటే ఎన్ని షెడ్లకు పనివాళ్లు దొరుకుతారో ఒకసారి చేసి చూడొచ్చు. డబ్బు ఎక్కడిదని అడుగుతారు. వసతికి, క్రెష్‌కి డబ్బు కావాలి, కాదనలేం. వల్లం వడగాల్ లెక్కన ఐటీఐల ఖర్చుతో అలాంటివి మూడు లేచేవి, ఐటీఐలు ఆపమని కాదు. బస్సుకు అంత కూడా అక్కర్లేదు. ఉన్న బస్సు వేళను అరగంట జరపడానికి డిపో మేనేజరు, ఒక పెన్ను చాలు. అడ్డంకి ఒకటే కనిపిస్తోంది. బస్సు టైము మార్చినచోట శిలాఫలకం ఎక్కడ నిలబెట్టాలో, దాని మీద ఎవరి పేరు ముందు చెక్కాలో ఇంకా తేలలేదు.