ఐదు సీసాల సుఖం

సులువుగా బతకడానికి మనవాళ్ళు పడుతున్న పాట్లు చూస్తే జాలేస్తోంది. స్టీల్ కట్ ఓట్స్ సంగతే చూడండి. వాటిని వారానికి సరిపడా ఒకేసారి వండి పెట్టుకోవడం అమెరికా వంటిళ్ళ అలవాటు. ఫ్రిస్కో, ఎడిసన్ తెలుగిళ్ళ మీదుగా వచ్చి కొండాపూర్, మణికొండ అపార్ట్‌మెంట్లలో దిగింది. ఆదివారం సాయంత్రం పెద్ద గిన్నెడు ఓట్స్ ఉడికించాలి. చల్లారాక పాలు, చియా గింజలు, పళ్ళ ముక్కలు కలిపి ఐదు గాజు సీసాలకు పంచాలి. మూతల మీద సోమ, మంగళ, బుధ అని చీటీలు అతికించాలి. ఫొటో తీసి ఫ్యామిలీ గ్రూపులో పెట్టాలి. ఇక శుక్రవారం దాకా టిఫిన్ బెంగ లేనట్టే! కూతురి దగ్గర ఆరు నెలలు ఉండి వద్దామని వెళ్ళిన ఒకావిడ ఫ్రిజ్ తెరిచి, “ఏమే, ఇంత ఉగ్గు చేసి పెట్టావు, పసిపిల్లలెవరున్నారే ఇంట్లో?” అని అడిగిందట. కూతురికి కోపం వచ్చింది. పెద్దావిడ మాత్రం అడగాల్సిందే అడిగింది.

ఓట్స్ గింజ పొట్టు తీసి ఉక్కు బ్లేడ్లతో రెండు మూడు ముక్కలు చేస్తే స్టీల్ కట్. అదే గింజకు ఆవిరి పట్టి రోలర్ల కింద అదిమితే రోల్డ్ ఓట్స్. అంటే మొదటివి నూకలు, రెండోవి అటుకులు. అటుకులు ఐదు నిమిషాల్లో ఉడుకుతాయి. నూకలకైతే కప్పుకు నాలుగు కప్పుల నీళ్ళు పోసి, అరగంట సేపు అడుగంటకుండా కలుపుతూ పొయ్యి దగ్గర కాపలా కాయాలి. పొద్దున ఊపిరి తీసుకోవడానికి టైము లేదని వాపోయే మనిషి ఈ రెంటిలో ఏది కొనాలి? మనవాడు ఏరి కోరి అరగంట పట్టేదే కొంటాడు. కొన్నాక, “అబ్బే, దీనికి చాలా టైము పడుతోందే!” అని కనిపెడతాడు. ఇక అక్కణ్ణుంచి స్లో కుక్కరూ, ఇన్‌స్టంట్ పాటూ, ముద్దలు గడ్డకట్టించడానికి సిలికాన్ అచ్చులూ. (కొనేది మనవాడు. కలిపేది ఎవరో వేరే చెప్పాలా?) అటుకుల్ని ఇంత చిన్నచూపు చూసి నూకల్ని నెత్తిన పెట్టుకునే రోజు వస్తుందని ముందే తెలిస్తే కుచేలుడు ద్వారకకు ఏం మూట కట్టేవాడో!

“ఆరోగ్యం అండీ” అంటారు. కాదనను. ఓట్స్‌లో బీటా గ్లూకాన్ అనే పీచు ఉంది. అది రోజుకు 3 గ్రాములు ఒంట్లో పడితే చెడ్డ కొలెస్టరాల్ కొంత తగ్గుతుంది. అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ 1997లో ఓట్స్ గురించి గుండెకు మేలని ప్యాకెట్ల మీద అచ్చేసుకోవడానికి అనుమతి కూడా ఇచ్చింది. తమాషా ఏమిటంటే, ఆ ఉత్తర్వులో పేరు పెట్టి ఒప్పుకున్నవి ఓట్స్ తవుడు, రోల్డ్ ఓట్స్, ఓట్స్ పిండి. నూకల పేరెత్తలేదు. అలాగని నూకల్లో ఆ పీచు లేదని కాదు. గింజ ఒకటే అయినప్పుడు పీచూ ఒకటే, మాంసకృత్తులూ ఒకటే. నూకలు కాస్త మెల్లిగా అరుగుతాయి, రక్తంలో చక్కెర కాస్త నిదానంగా పెరుగుతుంది. అంతే. వేడినీళ్ళు పోయగానే జావైపోయే ఇన్‌స్టంట్ రకానికీ నూకలకీ ఉన్న పెద్ద తేడాను తెచ్చి, పాపం రోల్డ్ ఓట్స్ మీద రుద్దారు. ఆ కాస్త లాభాన్ని కూడా సీసాలో రెండు చెంచాల మేపుల్ సిరప్ పోసి వాళ్ళే ముంచేస్తారనుకోండి.

పోనీ, లెక్క వేద్దాం. పొద్దున ఫ్రిజ్‌లోంచి సీసా తీసి, బిగుసుకుపోయినదాన్ని చెంచాతో పొడిచి, మరికాస్త పాలు పోసి, మైక్రోవేవ్‌లో రెండు నిమిషాలు పెట్టి, మధ్యలో చల్లగా ఉందని కలిపి, మళ్ళీ ఒక నిమిషం పెట్టాలి. రోల్డ్ ఓట్స్ ఐదు నిమిషాలు, ఇది మూడు. రోజుకు రెండు నిమిషాలు మిగిలాయి. ఐదు రోజులకు పది నిమిషాలు. ఈ పది నిమిషాల కోసం ఆదివారం గంట పైన ఖర్చు. ఈ వ్యాపారం చేసేవాళ్ళంతా ఆఫీసులో ఎక్సెల్ షీట్లతో బతికేవాళ్ళే.

ఇప్పుడు గురువారం సీసా మూత తీద్దాం. పైన మందంగా తొక్క కట్టి ఉంటుంది. అంచుల్లో కాస్త నీరు తేలి ఉంటుంది. చియా గింజలు తాగాల్సిన పాలన్నీ తాగేసి ఉబ్బి కూర్చుంటాయి. సోమవారం ఎర్రగా నిగనిగలాడిన స్ట్రాబెర్రీ ముక్క ఇప్పుడు రంగంతా పాలకు ఇచ్చేసి పాలిపోయి ఉంటుంది. పై అరలో సరిగ్గా మూత పడని ఆవకాయ జాడీ ఉంటే దాని వాసన అదనం. వండిన ఓట్స్ ఫ్రిజ్‌లో నాలుగైదు రోజులు ఉంటాయన్న మాట నిజమే. ఉండటం వేరు, తినబుద్ధి కావడం వేరు. శుక్రవారం సీసా జోలికి నేను వెళ్ళను, మీరూ వెళ్ళొద్దు.

ఇక్కడ నేను చద్దన్నం గొప్పతనం ఎత్తుకుంటానని మీరు కాచుకుని కూర్చున్నట్టున్నారు. ఎత్తుకోను. చద్దన్నం మీద వ్యాసాలు ఇప్పటికే చద్దివైపోయాయి. నేను చెప్పేది గ్రైండరు గురించి. ఆదివారం మన ఇళ్ళలోనూ ముందస్తు పని జరుగుతుంది, పిండి రుబ్బుతాం. సోమవారం ఇడ్లీ, బుధవారానికి దోసె, గురువారానికి పులిస్తే ఇంత ఉల్లిపాయ, పచ్చిమిర్చి కలిపి పునుగులు. రోజులు గడిచేకొద్దీ పిండికి కొత్త బతుకు దొరుకుతుంది. ఎందుకంటే అక్కడ ముందు చేసేది సగం పనే. దోసె మాత్రం ప్లేటు ముందు మనిషి కూర్చున్నాకే పెనం మీద పడుతుంది. సీసా మేధావులు వంట మొత్తం పూర్తి చేసి, అది దిగజారుతుంటే ఐదు రోజులు కూర్చుని చూస్తారు.

ఓట్స్‌తో తరాల తరబడి బతికిన స్కాట్లాండ్ వాళ్ళకు ఈ తేడా తెలుసు. అక్కడ కార్‌బ్రిడ్జ్ అనే ఊళ్ళో 1994లో మొదలుపెట్టి, ఓట్స్ గంజికి ప్రపంచ పోటీలు నడుపుతున్నారు. సంప్రదాయ విభాగంలో ముడిసరుకు మూడే: ఓట్స్, నీళ్ళు, ఉప్పు. కలపడానికి స్పర్టిల్ అనే కర్ర. గెలిచినవాళ్ళకు బంగారు స్పర్టిల్ బహుమతి. బాదం వెన్న లేదు, ప్రొటీన్ పొడి లేదు, మూత మీద చీటీ లేదు. నూకల్ని రాత్రి నీళ్ళలో నానేస్తారు, పొద్దున వండుకుంటారు. నానిన నూక పది పన్నెండు నిమిషాల్లో ఉడికిపోతుంది. ముందస్తు పని అంటే ఇంతే. దీనికి సీసాలెందుకు?

స్టీల్ కట్ ఓట్స్ రుచి ఇష్టమైతే అలా నానేసుకుని తినండి. టైము లేకపోతే రోల్డ్ ఓట్స్ కొనుక్కోండి, మీ ఆరోగ్యానికి వచ్చే ముప్పేమీ లేదు. రెండూ కాదు, సీసాలే కావాలంటే మీ ఇష్టం. కానీ గురువారానిదీ శుక్రవారానిదీ మిగిలిపోయాయని, “చాలా బలం, పిల్లలకు పెట్టు” అంటూ పనమ్మాయి చేతిలో పెట్టకండి. మీ సీసా మీరే ఖాళీ చేయండి. ఖాళీ చేశాక సింకులో అలాగే పడేయకుండా నీళ్ళు పోసి ఉంచండి. గాజుకు అతుక్కుని ఎండిపోయిన ఓట్స్ కొబ్బరి పీచుతో రుద్దినా ఓ పట్టాన వదలవు, వాటిని తోమేది ఎలాగూ ఆ అమ్మాయే.