సాఫ్ట్‌వేర్ మార్చాలంటే సీజన్ నడిమధ్యలోనే మార్చండి

మ్యూజిక్ సాఫ్ట్‌వేర్ మార్చాలా వద్దా అని అడిగితే అందరి నోటా వచ్చే సలహా ఒకటే: తీరిక చూసుకో, డెమోలు దించుకో, పక్కపక్కన పెట్టి పోల్చు, నచ్చింది కొను. ఇందులో ఒక్కటి కూడా చేయొద్దని నేనంటాను.

నా మాట చెన్నై, ముంబయి స్టూడియోలకు కాదు. మహారాష్ట్రలో చంద్రపూర్ జిల్లా భద్రావతి లాంటి ఊళ్ళో ఆర్డ్‌నెన్స్ ఫ్యాక్టరీకో బొగ్గు గనికో డ్యూటీకి వెళ్ళొచ్చి, రాత్రిపూట ఒక గది, ఒక ల్యాప్‌టాప్, ఒక మైకుతో పాటలు చేసేవాళ్ళకు. ఇక్కడి పని కలగాపులగం. ఏప్రిల్‌లో అంబేద్కర్ జయంతికి భీమ్‌గీతాలు, వినాయక చవితికి డీజే ట్రాకులు, ఆ వెంటనే తెలుగు ఇళ్ళ నుంచి బతుకమ్మ పాటలు. మన జిల్లాలోని రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలో ఉన్నదే. బల్లార్షా దాటితే రైలు కాజీపేట లైనెక్కుతుంది. అందుకే మరాఠీ ఢోల్కీ, తెలంగాణ డప్పు రెండూ ఒకే మైకు ముందుకొస్తాయి.

ఒక్క మినహాయింపు. మే నెలలో సాఫ్ట్‌వేర్ మార్చే ఆలోచనే పెట్టుకోవద్దు. ఎండ 45 డిగ్రీలు దాటాక ల్యాప్‌టాప్ వేడెక్కి తన వేగం తానే తగ్గించుకుంటుంది. స్పీకర్లలో చిటపటలు మొదలవుతాయి. పాపం, నింద సాఫ్ట్‌వేర్ మీద పడుతుంది. బఫర్ 128 మీద ఉంటే 1024కి పెంచండి. 48 కిలోహెర్ట్జ్ దగ్గర 128 శాంపిళ్ళంటే సుమారు 2.7 మిల్లీసెకన్లు, 1024 అంటే 21. పాడేవాళ్ళకు ఆ 21 తెలుస్తుంది కానీ మిక్స్ చేసేటప్పుడు దాంతో పనిలేదు. బరువైన ట్రాకులు ఫ్రీజ్ చేయండి. చిటపటలు పోయాయా, మార్చే మాట అక్కడితో ఆపేయండి.

పోలేదు, లేదా అసలు కారణం వేరే ఉంది అనుకుందాం. అప్పుడు ఏది తీసుకోవాలి? మీ బండి మీద అరగంటలో చేరుకోగల మనిషి ఏది వాడుతున్నాడో అది. వరోరాలో ఉన్నా సరే, చంద్రపూర్‌లో ఉన్నా సరే. ఆయన వాడేది మీకు నచ్చకపోయినా అదే. దానికన్నా మంచిది ఇంకోటి ఉందని మీకు రుజువైనా అదే. ఎ.ఆర్. రెహమాన్ లాజిక్ వాడతారని అందరికీ తెలుసు. ఆయన ప్రతిభకూ మన నిర్ణయానికీ సంబంధం లేదు, పైగా లాజిక్ విండోస్ మీద నడవదు. రాత్రి పదకొండింటికి డప్పు ట్రాక్ కోరస్ కంటే వెనకబడి వినిపిస్తుంటే ఫోనెత్తి "అన్నా, ఇదెక్కడుంటది?" అని అడగడానికి ఒక మనిషి కావాలి. ఆ మనిషి ఎఫ్ఎల్ స్టూడియో వాడితే మీరూ ఎఫ్ఎల్. రీపర్ వాడితే రీపర్. ఎఫ్ఎల్ ఒకసారి కొంటే ఆపై వచ్చే కొత్త వెర్షన్లన్నీ ఉచితం. రీపర్ వ్యక్తిగత లైసెన్సు 60 డాలర్లు. రెండూ మన జేబుకు అందేవే, కాబట్టి ధర గురించి ఎక్కువ తల బద్దలు కొట్టుకోవద్దు.

డెమో ఎందుకు వద్దంటానంటే, డెమోలో మనం పాట చేయం, మెనూలు చూస్తాం. నాలుగు సింథ్ శబ్దాలు విని, వచ్చిన లూప్ నచ్చి, ఇదే బాగుందనుకుంటాం. మన గదిలో మన గొంతు దాని మీద ఎలా కూర్చుంటుందో ఒక్క డెమో కూడా చెప్పదు.

ఇక సమయం. తీరికగా ఉన్నప్పుడు మారిస్తే వెయ్యి ఫీచర్లు నేర్చుకుంటారు, ఒక్క పాటా పూర్తి చేయరు. మళ్ళీ పని రాగానే పాతదాని దగ్గరికే పరుగెత్తుతారు. అందుకే భాద్రపదంలో, ఎంగిలిపూల బతుకమ్మ ఇంకో పది రోజులుందనగా మార్చండి. అప్పుడు మీ ముందు ఒక పాట ఉంటుంది, గడువు ఉంటుంది.

ఆ పాట సంగతే చూడండి. పాడేది నలుగురైదుగురు ఆడవాళ్ళు, చప్పట్లే తాళం. మొదటి చరణం నింపాదిగా మొదలవుతుంది. మూడో చరణానికి చప్పట్లు దగ్గరపడతాయి, ఆఖర్న పరుగే. వాళ్ళ చెవుల్లో క్లిక్ పెట్టి పాడిస్తే పాట చచ్చిపోతుంది. ముందు వాళ్ళను స్వేచ్ఛగా పాడనిచ్చి, తర్వాత ఒక్కొక్క చప్పట్టు మీద గీత పెట్టుకుంటూ టెంపోను పాట వెంట నడిపించాలి. ఆ గ్రిడ్ మీద డప్పు, కీబోర్డు కూర్చోబెట్టాలి. అంటే మీకు కావలసింది రికార్డింగ్, కోత, టెంపో మ్యాప్, లెవెళ్ళు, ఎక్స్‌పోర్ట్. ఇంతే. గడువు నెత్తిన ఉంటే ఇవి రెండు రాత్రుల్లో వేళ్ళకెక్కుతాయి, ఇక జన్మలో మరిచిపోరు. నెలంతా వీడియోలు చూసినా రాని పట్టు ఇది.

"కొత్తదాంట్లో సౌండ్ లావుగా వస్తుందట కదా" అంటారు చాలామంది. నమ్మొద్దు. అవే ట్రాకులు, అవే లెవెళ్ళు ఎఫెక్టులేవీ లేకుండా రెండింట్లోనూ పెట్టి ఎక్స్‌పోర్ట్ చేయండి. ఆ రెండు ఫైళ్ళనూ ఒకే ప్రాజెక్టులో వేసి ఒకదాని ఫేజ్ తిప్పి ప్లే చేయండి. నిశ్శబ్దమే వస్తుంది. ఏమైనా మిగిలితే చాలావరకు అది ప్యాన్ లా తేడా: మధ్యలో ఉన్న మోనో ట్రాకును ఒక సాఫ్ట్‌వేర్ 3 డెసిబెళ్ళు తగ్గిస్తుంది, ఇంకోటి తగ్గించదు. సెట్టింగు ఒకటి చేస్తే ఆ తేడా కూడా పోతుంది. కూడిక ఎక్కడైనా కూడికే.

పాత ప్రాజెక్టులను కొత్తదాంట్లోకి తేవడానికి ఒక్క గంట కూడా ఖర్చు పెట్టొద్దు. మిడి ఫైల్లో స్వరాలు, టెంపో వస్తాయి. ప్లగిన్ల అమరిక, ఆటోమేషన్ రావు. ప్రతి ట్రాకునూ మొదటి బార్ నుంచే వేవ్ ఫైలుగా దించి ఫోల్డర్లో పెట్టేయండి. ఆ తర్వాత పాత సాఫ్ట్‌వేర్‌ను కంప్యూటర్లోంచి పీకేయండి. అవును, పూర్తిగా. అది అక్కడుంటే కొత్తదాన్ని రానివ్వదు. భయపడాల్సిన పనిలేదు, ఎందుకంటే ఉంచుకున్నా అది శాశ్వతం కాదు. 2002లో ఆపిల్, లాజిక్‌ను తయారుచేసే ఎమాజిక్‌ను కొన్నది, ఆ ఏడాదే విండోస్ లాజిక్ ఆగిపోయింది. 2017 నవంబరులో గిబ్సన్ కేక్‌వాక్ పని ఆపేస్తున్నామంది. మరుసటి ఏడాది బ్యాండ్‌ల్యాబ్ దాన్ని తీసుకుని ఉచితంగా ఇచ్చింది కానీ ఆ మధ్య నెలల్లో కేక్‌వాక్ వాళ్ళ సోనార్ వాడేవాళ్ళు దిక్కులు చూశారు. వేవ్ ఫైళ్ళు దాచుకున్నవాళ్ళ పాటలకు ఏమీ కాలేదు. ప్రాజెక్టు ఫైలును నమ్ముకుని కూర్చున్న పాట మీద నాకు నిజంగా జాలేస్తుంది.

ఇంకొకటి. కొన్ని సాఫ్ట్‌వేర్లు మీ పాత షార్ట్‌కట్లను అలాగే వాడుకోవచ్చని ఊరిస్తాయి. స్టూడియో వన్‌లో క్యూబేస్, లాజిక్, ప్రోటూల్స్ కీ అమరికలు ఎంచుకునే వీలుంది. ముట్టుకోవద్దు. వరోరా అన్న ఫోన్లో "ఆ కీ నొక్కు తమ్మీ" అన్నప్పుడు ఆయన కంప్యూటర్లో జరిగిందే మీ కంప్యూటర్లోనూ జరగాలి. మొదటి వారం వేళ్ళు మొరాయిస్తాయి, మొరాయించనివ్వండి. కీబోర్డు పక్కన కాగితం మీద ఓ పది షార్ట్‌కట్లు పెన్నుతో రాసి అంటించుకోండి. రికార్డ్ కీ అన్నిటికంటే పైన ఉండాలి.