మట్టంగా తేలే కార్లు, గుంతలు తేలే దార్లు

ఈ కాలంలో కార్ల కంపెనీలు అమ్ముతున్న అసలు సరుకు మరుపు. "రోడ్డు ఎట్లున్నా లోపల కూచున్నోళ్లకు తెలీదు సార్" అన్న ఒక్క మాటకు లక్షలు పలుకుతున్నాయి. 2021లో సిట్రోయెన్ కంపెనీ మన దేశంలో అడుగుపెడుతూ, దాదాపు 30 లక్షల రూపాయల సీ5 ఎయిర్‌క్రాస్‌ను ముందుపెట్టి, ఇందులో పోతుంటే ఎగిరే తివాచీ మీద పోయినట్టుంటుందని ప్రచారం చేసింది. ఇంకా పెద్ద కార్లలో అయితే గాలి సస్పెన్షన్లు. మనుషులెక్కినా దిగినా బండి మట్టం తప్పదు. మా కర్నూలు, కడప జిల్లాల్లో అట్లాంటి కారున్న పెద్దమనిషిని పట్టుకుని రోడ్ల గురించి అడగండి. "రోడ్లకేమప్పా, బాగానే ఉండాయే!" అంటాడు. అబద్ధమాడే మనిషి కాదు పాపం. ఆయన నడుము దాకా రోడ్డు ఎప్పుడూ చేరలేదు.

కుదుపు తెలీకుండా చేసే ఈ విద్యకు ఆద్యుడు సిట్రోయెన్‌లోనే పనిచేసిన పాల్ మాజెస్. స్ప్రింగు తీసేసి చక్రానికొక ఉక్కు గోళం బిగించాడు. గోళంలో ఒకవైపు నైట్రోజన్, ఒకవైపు నూనె, నడుమ రబ్బరు పొర. గుంత తగిలితే నూనె వెళ్లి వాయువును నొక్కుతుంది, కుదుపు అక్కడే అణిగిపోతుంది. వెనక సీట్లో భారీ బంధువులు ముగ్గురు ఎక్కి బండి కుంగిందనుకోండి, ఒక కవాటం తెరుచుకుంటుంది, పంపు మరికాస్త నూనె తోస్తుంది, కారు మళ్లీ పాత ఎత్తుకే లేస్తుంది. 1954లో ట్రాక్షన్ అవాంట్ కారు వెనక చక్రాలకు పెట్టి చూశారు. 1955 అక్టోబరులో పారిస్ ప్రదర్శనలో డీఎస్ కారుకు నాలుగు చక్రాలకూ పెట్టారు. మొదటిరోజే 12,000 ఆర్డర్లు పడ్డాయంటారు. నిలిపి ఉంచితే మెల్లగా నేలకు కుంగే ఆ కారు, ఇంజిను తిప్పగానే మన ఎద్దు లేచినట్టు మొదట వెనకభాగం లేపి, తర్వాత ముందుభాగం లేపేది.

సరిగ్గా అప్పుడు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని కర్నూలు. గుడారాల రాజధాని అని పేరు. పారిస్‌లో కార్లు లేచిన మరుసటేడే రాజధాని తరలిపోయి కర్నూల్లో గుడారాలు లేచిపోయాయి. ఒక పక్క కుంగితే సరిచేసే కవాటం కార్లకు దొరికింది గానీ ప్రాంతాలకు దొరకలేదు.

1962లో ఫ్రాన్స్ అధ్యక్షుడు డీగాల్ మీద దుండగులు తూటాలు కురిపిస్తే, టైర్లు పేలినా డీఎస్ కారు ఆగకుండా ఆయన్ని దాటించింది. ఈ కథ చెప్పి సస్పెన్షన్ గొప్పదనం చాటుతుంటారు. మేం బెదరం. మా రాయలసీమ పేరుతో తీసిన సినిమాల్లో సుమోలు ఏ నైట్రోజనూ లేకుండానే తాటిచెట్టంత ఎత్తుకు లేచాయి.

అసలు విషయమేమంటే, ఎంతో ఖర్చుతో కూడిన ఈ గోళాల విద్యను పుట్టింటివాళ్లే 2017లో చాలించుకున్నారు. మనకొచ్చిన తివాచీలో ఆ గోళాలు లేవు, షాక్ అబ్జార్బర్లలో నూనె దిండ్లున్నాయి. పేరు మాత్రం తివాచీయే.

ఇప్పుడీ మెత్తని కార్లు తిరిగేదెక్కడో చూడండి. కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప చేరే 40వ నంబరు జాతీయ రహదారి మీద. నాలుగు వరుసల దారి, టోలు కడితే నున్నగా సాగుతుంది. మట్టంగా ఉన్న దారికి మట్టం తప్పని కార్లు! ఆ దారి వదిలి బేతంచెర్ల వైపో, కోవెలకుంట్ల వైపో తిరిగితే కనబడేది షేరు ఆటో. దానికి పంపు లేదు, కవాటం లేదు. డ్రైవరు నోరే కవాటం. "అక్కా, నువ్వు ఇట్ల జరుగు. తాతా, నువ్వు ఈపక్కకు రా. ఆ మూట కాళ్లకింద పెట్టు." బండి మట్టానికొస్తుంది. ప్రపంచంలో ఇంత చౌకైన సెల్ఫ్ లెవెలింగ్ ఏ ఇంజినీరూ కనిపెట్టలేదు.

ఇక దారి ఎందుకు పాడవుతోందంటే, దానికీ శాస్త్రముంది. కోవెలకుంట్ల పక్క నల్లరేగడి నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే బీటలు వారి కుంగుతుంది. పైన తారు ఏం చేస్తుంది, అలలు తిరుగుతుంది. ఆ మట్టిలో సున్నం కలిపి గట్టిపరిచే పద్ధతి ఇంజినీర్లందరికీ తెలిసిందే. సున్నపురాయి మా కాళ్లకిందే ఉంది. సిమెంటు చేసి దేశానికంతా పంపుతున్నాం, మా రోడ్డు అడుక్కి మాత్రం అందడం లేదు. రెండోది బరువు. ఇరుసు మీద బరువు రెట్టింపైతే రోడ్డుకు జరిగే నష్టం రెట్టింపు కాదు, దాదాపు 16 రెట్లని 1958-60 మధ్య అమెరికాలోని ఇల్లినాయ్‌లో చేసిన పరీక్షలు తేల్చాయి. 2018లో కేంద్రం నాలుగు టైర్ల ఒంటి ఇరుసుకు పరిమితిని 10.2 టన్నుల నుంచి 11.5 టన్నులకు పెంచింది. గెజిట్ చదివి పాత రోడ్లు మందం పెరగవు కదా! దానిపైన కూడా కడప బండలు, బేతంచెర్ల బండలు వేసుకుని పరిమితి దాటి పోయే లారీని ఆపాల్సినవాళ్లు, అదే రోడ్డు మీద తివాచీలో తేలిపోతుంటారు. కుదుపు తెలియని మనిషికి కోపం రాదు. కోపం రాని అధికారి ఫైలు కదపడు.

మెత్తని సస్పెన్షన్ మీద నాకు పగేమీ లేదు. పురిటినొప్పుల మనిషిని పత్తికొండ నుంచి కర్నూలు పెద్దాసుపత్రికి మోసుకొచ్చే 108 బండికి పెట్టండి, చేతులెత్తి మొక్కుతా. సిట్రోయెన్ వాళ్లే 1948లో రైతుల కోసం 2సీవీ అనే చిన్న కారు తెచ్చారు. దున్నిన చేలో గంపెడు గుడ్లతో తోలినా ఒక్కటీ పగలకూడదని కంపెనీ పెద్ద పియరీ బూలాంజే ముందే షరతు పెట్టాడు. ఆ షరతు రైతు పక్షాన పెట్టింది. మన దగ్గర మెత్తదనం ఎక్కడానికి మాత్రం ముందు పదవైనా ఉండాలి, కాంట్రాక్టయినా ఉండాలి.

కాబట్టి బూలాంజే షరతునే కారుకు బదులు రోడ్డుకు పెడదాం. కొత్తగా తారు పోసిన ప్రతి పల్లెదారి మీద, మొదటి వాన పడిన తర్వాత, ఒక షేరు ఆటో తోలించండి. వెనక సీట్లో బిల్లు మీద సంతకం చేయాల్సిన అధికారి, పక్కన కాంట్రాక్టరు, వాళ్ల ఒళ్లో 30 గుడ్ల అట్ట. ప్రారంభోత్సవానికొచ్చిన నాయకుడికి ఎట్లాగూ డ్రైవరు పక్కన చోటుంటుంది. ల్యాబు పరీక్షలు అక్కర్లేదు, విజిలెన్సు అక్కర్లేదు. టెండరు కాగితంలో ఈ ఒక్క ముక్క చేర్చండి: గుడ్డు పగిలితే బిల్లు ఆగుతుంది.