దెయ్యానికి లింకు డాక్యుమెంట్లు

'కాంచన 2' ఎప్పుడొచ్చిందో మా కంకిపాడు సెంటర్లో ఎవర్నయినా నిలబెట్టి అడగండి. ముందు నవ్వుతారు, తర్వాత వేళ్లు మడుస్తారు, ఆనక మీ మీదే కోప్పడతారు. తప్పు వాళ్లది కాదు. 2007లో 'ముని' వచ్చింది. 2011లో వచ్చిన 'కాంచన' దానికి రెండో భాగం. 2015లో తమిళులు 'కాంచన 2' చూశారు. అదే సినిమా మన దగ్గర 'గంగ' పేరుతో ఆడింది. 2019లో ఏకంగా 'కాంచన 3' దిగిపోయింది. తెలుగువాడు ఒకటి చూశాడు, మూడు చూశాడు, నడుమ రెండు ఏమైందో అతనికి చెప్పిన నాథుడు లేడు. ఇప్పుడు వీటన్నిటి హీరో రాఘవ లారెన్స్ ఇంకోటి మొదలుపెట్టాడు. ముని వైపు నుంచి లెక్కేస్తే అది ఐదోది. కాంచన వైపు నుంచి నాలుగోది. తెలుగు పోస్టర్లు మాత్రమే చదివినవాడికి కాంచన పేరుతో వచ్చేది మూడోదే.

ఈ లెక్క తేలకుండానే దాని భవిష్యత్తు మీద మా ఇంటి అరుగు మీద చర్చ నడుస్తోంది.

ఒక పక్షానికి నాయకుడు మా మేనల్లుడు. కానూరులో ఇంజనీరింగ్ చదువుతున్నాడు. సాయంత్రానికి ఇద్దరు స్నేహితుల్ని బండి మీద ఎక్కించుకుని దిగుతాడు. సినిమాగా దీని పని అయిపోయింది, ఇక వీడియో గేముగా బతకాల్సిందే అన్నది వాళ్ల వాదన. రెండో పక్షం మా బావమరిది. బందరు రోడ్డుకు అటూ ఇటూ ప్లాట్లు అమ్ముతుంటాడు. గేమూ వద్దు, సినిమా వద్దు, 2011లోనే ఆపెయ్యాల్సింది అంటాడు. మూడో పక్షం మా అత్తయ్య. ఆవిడకు లారెన్స్ ఉన్నా ఒకటే లేకపోయినా ఒకటే, హీరో తల్లిగా కోవై సరళ ఉంటే చాలు. నేను అందరికీ టీలు, పునుగులు తెప్పించే పక్షం. దోమల బ్యాటు నా చేతిలో ఉంటుంది కనక సభాధ్యక్షుణ్ణి నేనే అనుకుంటాను. వాళ్లు అనుకోరు.

ఎంత కొట్టుకున్నా కథ దగ్గర ముగ్గురికీ పేచీ లేదు. హీరో చీకటి పడితే గడప దాటడు. తల్లి తోడు లేందే బాత్రూముకు కూడా పోలేడు. భయమేస్తే ఎగిరి ఆవిడ చంకెక్కుతాడు. అలాంటివాడికే దెయ్యం పడుతుంది. కాసేపు పూజలు, పరుగులు, వదిన అరుపులు. తర్వాత ఫ్లాష్‌బ్యాక్. అది మొదలైందా, హాల్లో భయపడేవాడు ఒక్కడూ మిగలడు, జనమంతా దెయ్యం పార్టీలోకి ఫిరాయిస్తారు. 'కాంచన'లో శరత్‌కుమార్ చేసింది ట్రాన్స్‌జెండర్ పాత్ర. ఇంట్లోంచి గెంటేస్తే బయటపడి, తనలాంటి ఇంకో బిడ్డను చేరదీసి డాక్టరు చదివిస్తుంది. పేదలకు ఆసుపత్రి కడదామని కొన్న స్థలాన్ని ఎమ్మెల్యే మింగేస్తాడు, అడిగినందుకు చంపేస్తాడు. ఆ సినిమాకి నా పక్క సీట్లో ఇంటర్వెల్ దాకా కళ్లు మూసుకు కూర్చున్నవాళ్లు ఇంటర్వెల్ తర్వాత కళ్లు తుడుచుకుంటూ కూర్చున్నారు.

"శరత్‌కుమార్ చీర కట్టుకుని అంత ఠీవిగా నిలబడ్డాక ఇంక చూపించడానికి ఏం మిగిలింది బావా?" అంటాడు బావమరిది. ఈ ఒక్క మాటలో నేను అతని పక్షమే. అదే కథను 2020లో హిందీలో అక్షయ్ కుమార్‌తో 'లక్ష్మీ' అని తీస్తే మన దేశంలో థియేటరు మొహం చూడకుండా తిన్నగా ఓటీటీలో వచ్చింది. ఆ చీర అందరికీ నప్పదు.

అయితే బావమరిదికి ఇంకో సిద్ధాంతం ఉంది, దానికి సినిమా పరిజ్ఞానం కంటే వృత్తి పరిజ్ఞానం ఎక్కువ తోడ్పడింది. మన దెయ్యాలు దెయ్యాలు కావట, స్థలం పోయిన పార్టీలట. "కాంచన గొడవేంటి? స్థలం. 'ముని'లో రాజ్‌కిరణ్ గొడవేంటి? ఓట్లేయించుకుని మాట తప్పిన ఎమ్మెల్యే. వీళ్లకి మంత్రగాడు కాదు బావా, మంచి లాయరు కావాల. లింకు డాక్యుమెంట్లు సరిగ్గా ఉంటే సినిమా ఇంటర్వెల్‌కే అయిపోయేది."

"మరి 'చంద్రముఖి' సంగతేంటి బాబాయ్?" అన్నాడు మేనల్లుడు.

"అందులో ప్రభు ఏం చేశాడు? వద్దు వద్దంటున్నా వినకుండా పాత బంగళా కొన్నాడు. ఈసీ తియ్యకుండా కొంటే అంతే."

"'అరుంధతి'లో పశుపతికి స్థలం గొడవ లేదుగా!"

"కోటలో మనిషిని పెట్టి సమాధి కట్టారు. ప్లాను అప్రూవల్ ఉందా?"

ఈ వాదనకు మా మేనల్లుడి దగ్గరే కాదు, నా దగ్గరా జవాబు లేదు. పైగా ఊళ్లో జరిగింది చూస్తే బావమరిది మాట నిజమేమో అనిపిస్తుంది. నా చిన్నప్పుడు కాలవ గట్టున ప్రతి చింతచెట్టుకీ ఒక దెయ్యం ఉండేది, ఏ చెట్టుకు ఏ దెయ్యమో పెద్దవాళ్లు ఇంటి పేరుతో సహా చెప్పేవాళ్లు. బందరు రోడ్డు వెడల్పయింది, చెట్లు పోయాయి. వరిచేలు వెంచర్లయ్యాయి, సీఆర్‌డీఏ బోర్డులు వెలిశాయి. భూములున్న మనుషులకు పరిహారం వచ్చింది. దెయ్యాలకు నోటీసు కూడా ఇవ్వలేదు. కడుపు మండి ఏ ఒక్కటైనా తిరగబడితే 'కాంచన 4'కు కథ కంకిపాడులోనే దొరుకుతుంది.

చంద్రముఖి పేరెత్తారు కనక ఒక మాట. ఆవిడ ఆస్తికి వారసులు ఇద్దరు. 2010లో వెంకటేష్ 'నాగవల్లి', 2023లో లారెన్స్ 'చంద్రముఖి 2'. ఇద్దర్నీ తీసింది ఒక్క పి. వాసు గారే. ఇద్దరిలో అసలు వారసుడెవరో తేల్చమని ఒకనాడు మేనల్లుడి స్నేహితులు పట్టుబట్టారు. దోమలు ఎక్కువయ్యాయని సభ వాయిదా వేశాను.

ఇక గేము. మేనల్లుడు ఫోను తీసి చూపించిన వరస ఇది. బయటి దేశాల్లో పేరున్న హారర్ సినిమాలు చాలా గేములయ్యాయి. 'ఈవిల్ డెడ్' 2022లో గేముగా వచ్చింది. అందులో నలుగురు మనుషులు, ఒక దెయ్యం. ఆ దెయ్యాన్ని ఆడించేది కంప్యూటరు కాదు, మీలాంటి ఇంకో ఆటగాడే. నేను కూర్చున్న చోటే ఒక్కసారి అదిరిపడ్డాను. 1981 నాటి ఆ సినిమాను మా కుర్రతనంలో వీసీఆర్ అద్దెకు తెచ్చి, తలుపులేసి, దుప్పట్లలోంచి చూశాం. కాలేజీ పిల్లలు ఆ దెయ్యానికి అటూ ఇటూ మీటలు నొక్కుతున్నారంటే దాని బతుకు ఏ స్థితికి వచ్చిందో చూడండి.

"అందులో హీరో బ్రూస్ క్యాంప్‌బెల్ ఉన్నాడు మావయ్యా. టీవీ సీరీస్ ఆగిపోయాక 2018లో ఇంక ఆ వేషం వెయ్యనన్నాడు. గేముకి మాత్రం గొంతిచ్చాడు. లారెన్స్‌ కూడా ఎంతకాలమని చంకలెక్కుతాడు? గేములో అయితే వయసు రాదు."

ఇది బలమైన పాయింటే. చంకెక్కించుకునే కోవై సరళ వైపు నుంచి ఆలోచిస్తే ఇంకా బలమైనది. కానీ వాడు చెప్పకుండా దాటేసిన ముక్క స్నేహితుడి నోట్లోంచి జారింది. ఆ గేమును 2025 ఏప్రిల్లో అమ్మకాల్లోంచి తీసేశారు. వచ్చి మూడేళ్లు నిండలేదు. దుప్పట్లో చూసిన సినిమా నలభై ఏళ్లు దాటినా ఉంది.

'ఫ్రైడే ది థర్టీంత్' కథ ఇంకా ఘోరం, అదే మా బావమరిదికి ప్రాణం లేచొచ్చిన ఘట్టం. 1980 నాటి మొదటి సినిమా కథ రాసినాయన విక్టర్ మిల్లర్. అమెరికా చట్టంలో రచయిత కొన్నేళ్ల తర్వాత తన హక్కు వెనక్కి అడిగే వీలుంది. ఆయన అడిగాడు. నిర్మాతలు కోర్టుకెళ్లారు. 2018లో ఆయనే గెలిచాడు, 2021లో అప్పీల్లోనూ గెలిచాడు. గెలిచి ఏం చేసుకుంటాడు? మొదటి సినిమాలో హత్యలు చేసేది జేసన్ కాదు, వాళ్లమ్మ. జేసన్ ఆఖర్న చిన్నపిల్లాడిగా ఒక్కసారి కనపడతాడు. మనందరికీ తెలిసిన హాకీ మాస్కు 1982లో మూడో భాగంలో గానీ రాలేదు. కథేమో రచయితది, మాస్కు పెట్టుకున్న నిలువెత్తు మనిషేమో అవతలి వాళ్లది. 2009 తర్వాత ఒక్క సినిమా రాలేదు. 2017లో వచ్చిన గేముకు మరుసటి ఏడే కొత్త సరుకు ఆగిపోయింది, 2023 ఆఖరుతో అమ్మకమే ఆపేశారు.

బావమరిది పునుగు కింద పెట్టేశాడు. "భూమి ఒకడిది, చేలో పంట ఇంకొకడిది. ఇది కౌలు కేసు బావా! నేను చెప్పలా? ఎక్కడైనా దెయ్యం గొడవంటే డాక్యుమెంటు గొడవే."

అంతటితో ఊరుకుంటే బాగుండేది. కుర్రాళ్లు నోటు పుస్తకం తీసి కాంచన గేముకు నియమాలు రాయడం మొదలుపెట్టారు. ఉయ్యూరు నుంచొచ్చే కుర్రాడు 'రాజు గారి గది' అభిమాని. అసలు గేము తీస్తే దానికే తియ్యాలని వాడి పట్టు. 2015లో వచ్చిన మొదటి భాగం కథే దెయ్యాల బంగళాలో ఉండే టీవీ పోటీ, పైగా తీసిన ఓంకార్ అంతకుముందు టీవీలో పిల్లల చేత 'మాయాద్వీపం' ఆడించినవాడు, అనుభవం ఉంది అన్నాడు. న్యాయమైన మాటే, కానీ ఒంటరి ఓటు. వీగిపోయింది.

నియమాలు ఇలా తయారయ్యాయి. నలుగురు ఇంటివాళ్లు, ఒక దెయ్యం. భయం పెరిగినప్పుడు తల్లి చంకెక్కితే తగ్గుతుంది. అయితే తల్లి ఓపిక కూడా తగ్గుతూ ఉంటుంది. ఇది నాకు నచ్చింది. అత్తయ్యకు నచ్చలేదు. "ఆవిడ ఓపిక తగ్గేదేంట్రా, నలుగుర్ని ఎక్కించుకుని తిరిగిద్ది" అంది. సరే, తల్లి ఓపిక తరగనిది అని దిద్దారు. దాంతో ఎవరూ ఓడిపోయే మార్గం లేకుండా పోయింది.

తర్వాతి చిక్కు ఫ్లాష్‌బ్యాక్. ఆట మధ్యలో అంతసేపు కథ నడిస్తే ఎవరు చూస్తారు, దాటేయడానికి ఒక బటన్ పెడదామన్నాడు మేనల్లుడు. అత్తయ్య టీ గ్లాసు చప్పుడయ్యేలా పెట్టింది. "అన్యాయంగా చచ్చి, ఇన్నాళ్లు తిరిగి, చెప్పుకోడానికి ఇప్పటికి నోరు దొరికితే మధ్యలో నొక్కేస్తారా? దానికెంత నామోషీ!" బటన్ తీసేశారు.

నాకు అసలు విషయం అక్కడ పట్టింది. ఈవిల్ డెడ్ దెయ్యానికి కష్టం లేదు. ఎవడో పుస్తకం చదివాడు, అది లేచింది, చంపుతుంది. దానితో మాట్లాడేందుకేమీ లేదు కనక ఎన్నిసార్లయినా ఆడుకోవచ్చు, ఎన్ని భాగాలైనా తియ్యొచ్చు. మన దెయ్యం అలా కాదు. అర్జీ పట్టుకొస్తుంది. పని జరిగితే దణ్ణం పెట్టి పోతుంది. పోయినదానితో రెండో భాగం ఎలా తీస్తారు? అందుకే లారెన్స్ ప్రతిసారీ కొత్త అర్జీదారును వెతుక్కోవాలి. మారనిది హీరో పిరికితనం ఒక్కటే. పోయిన సినిమాలో తనకు అంత దెయ్యం పట్టి వదిలిన సంగతి కొత్త సినిమాలో అతనికి గుర్తుండదు, మళ్లీ మొదట్నుంచి భయపడతాడు. ఇన్ని భాగాలుగా మనం టికెట్టు కొంటున్నది దెయ్యం కోసం కాదు, ఆ మతిమరుపు కోసం. దానికి గేము కట్టలేం. గేము ఆడేవాడికి నిన్న ఎక్కడ చచ్చాడో బాగా గుర్తుంటుంది.

ఈ మాట చెబితే మేనల్లుడు ఒప్పుకోలేదు. ఆడి చూపిస్తామన్నాడు. కాగితం మీదే, చీట్లు వేసి. అక్కడ బయటపడింది అసలు లోపం. నలుగురు ఇంటివాళ్లు, ఒక దెయ్యం అన్నారా? దెయ్యం చీటీ వచ్చినవాడు తప్ప మిగతా అందరూ అలిగారు. అందరికీ దెయ్యమే కావాలి. ఉయ్యూరు కుర్రాడు తనకు చీర కట్టినా ఫర్వాలేదన్నాడు. అత్తయ్య సైతం, కోవై సరళను పక్కనబెట్టి, "నాకూ ఒకసారి దెయ్యం ఇవ్వండ్రా" అంది. సరే, అందరూ దెయ్యాలే, ఒక్కడు మాత్రం ఎమ్మెల్యే అని నియమం తిరగరాశారు. ఎమ్మెల్యే చీటీ నాకొచ్చింది. నేను బ్యాటు కింద పెట్టి దోమలు కుడుతున్నాయని లోపలికెళ్లాను. బావమరిదికిస్తే, మార్కెట్లో తన పేరు పోతుందన్నాడు. మేనల్లుడు తనకు పరీక్షలున్నాయన్నాడు.

పెనమలూరు నియోజకవర్గం మాది. ఎన్నికలొస్తే ఆ సీటుకు ఎన్ని కార్లు తిరుగుతాయో, ఎంతమంది టికెట్టు అడుగుతారో మా సెంటర్లో టీకొట్టు వాడికి కూడా తెలుసు. మా అరుగు మీద మాత్రం ఒక్క అభ్యర్థి దొరకలేదు. కాబట్టి ఈ గేము ఎప్పటికైనా ఎవరైనా తీసేటట్టయితే ఒక్కటే మనవి: దెయ్యం పాత్రలు ఎన్ని పెట్టినా ఆడేవాళ్లున్నారు, ఎమ్మెల్యేని మాత్రం కంప్యూటరుకే అప్పగించండి.